కరెంటు స్తంభం మూల

నాకు తొమ్మిదిన్నర వేళ్ళున్నాయి. ఆ పోయిన సగానికి కారణం నేను అచ్చు వేయించిన రెండు వాక్యాలు. తెలుగు వచనానికి ఇంత పదునుందని ఎం.ఏ.లో మాకెవరూ చెప్పలేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తాను. కాలేజీ అధ్యాపకుల పరిశోధన గ్రంథాలు వేస్తాం. ముందు గదిలో ఆఫీసు, వెనక రేకుల షెడ్డులో ప్రెస్సు. అధ్యాపకులకు ప్రమోషన్ రావాలంటే పుస్తకం ఉండాలి, పుస్తకం ఉండాలంటే మేం ఉండాలి. మా పుస్తకాలు చదివేవాళ్ళు ఇద్దరే: రాసినవాళ్ళూ, ప్రూఫులు దిద్దే నేనూ. రాసినవాళ్ళ విషయంలో నాకు కొంత అనుమానం ఉంది.

నెలకోసారి నాలుగు పేజీల పత్రిక ఒకటి తెస్తాం. ఆ నెల వచ్చిన పుస్తకాలు, రాబోయే పుస్తకాలు, ఎక్కడో ఏదో సభలో మా ఓనరు గారికి కప్పిన శాలువా. కాలేజీ లైబ్రరీలకు పోస్టులో పంపుతాం, ఫోన్లలో కూడా పంపుతాం. రాసేది నేనే. "పొగాకు ఆరబెట్టే బేరన్లలో తేమ నియంత్రణ: ఒక అధ్యయనం. విద్యార్థులకు, పరిశోధకులకు ఎంతో ఉపయుక్తం." ఇట్లా ఏళ్ళ తరబడి ఎవరికీ ఏ హానీ చెయ్యకుండా రాసుకుంటూ వచ్చాను.

ఒకరోజు ఓనరు గారు కళ్ళజోడు నుదుటి మీదకు తోసి అన్నారు.

"ఏమయ్యా, ఈ పత్రిక నేనే చదవలేకపోతున్నాను. ఎవరన్నా చదివేట్టు రాయి."

"అట్లా రాస్తే చదువుతారండి. తర్వాత మీరే ఇబ్బంది పడతారు."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నెల మా కొత్త పుస్తకం "మెట్ట గ్రామాల్లో కక్షలు, కూలి సంబంధాలు". రాసినావిడ ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతారు. వినుకొండ వైపు ఒక ఊళ్ళో నాలుగేళ్ళు తిరిగి రాసిన థీసిస్. ఊరి పేరు లేదు, "క గ్రామం" అంటారు. మనుషుల పేర్లు లేవు, ఒకటో వర్గం, రెండో వర్గం. మూడో అధ్యాయంలో ఒక హత్య ఉంది. పొలం గెట్టు తగాదా. ఆరేళ్ళ కిందట, మిరపకాయలు ఎండబోసిన ఊరుమ్మడి కళ్లంలో, మధ్యాహ్నం కూలోళ్ళంతా అన్నానికి వెళ్ళినప్పుడు, రెండో వర్గం రైతును ఒకటో వర్గంవాళ్ళు వేటకొడవళ్ళతో నరికారు. ఆయన కాయల మీదనే పడ్డాడు. లేవబోయి మళ్ళీ కాయల మీదనే పడ్డాడు. పోలీసులొచ్చి పంచనామా అయ్యాక ఆ కాయల్ని ఎవరు ఎత్తారో, ఏ గోతాల టిక్కీల్లోకి తొక్కారో ఊళ్ళో ఎవరూ చెప్పలేదట. గుంటూరు మిర్చి యార్డుకైతే వెళ్ళాయి. ఆ ఏడు మన రాష్ట్రంలో ఎవరో ఒకరు తిని ఉంటారు.

చూసినవాళ్ళు లేరని కింది కోర్టులో కేసు కొట్టేశారు. రెండో వర్గంవాళ్ళు హైకోర్టుకు వెళ్ళారు, అక్కడ ఇంకా నడుస్తోంది.

చూసిన మనిషి ఒకరున్నారు. తాలు ఏరే కూలి మనిషి. తాలు అంటే తెల్లబడి, పనికిరాకుండా పోయిన కాయ. దాన్ని ఎర్రకాయల్లోంచి ఏరెయ్యడం ఆడకూలీల పని. ఆవిడ అన్నానికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేక గోనెపట్టా కప్పుకుని గోతాల వెనక పడుకుంది. చంపినవాళ్ళు అదొక గోతాల కుప్ప అనుకున్నారు. నాలుగేళ్ళ పరిచయం తర్వాత ఆ సంగతి ఆవిడ మేడంకు చెప్పింది. మొగుడికి కూడా చెప్పని సంగతి.

మొదటి ప్రూఫులో మేడం ఇలా రాశారు: "కరెంటు స్తంభం మూలన గోనెపట్టా కప్పుకుని పడుకున్న స్త్రీ, అందరూ వెళ్ళాక లేచి వచ్చి, ఏది కాయో ఏది నెత్తురో తెలియక చేత్తో తాకి చూసింది. రెండూ వెచ్చగానే ఉన్నాయి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను మళ్ళీ చదువుకున్న వాక్యాలు అవే. రెండో ప్రూఫులో మేడం వాటి మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, పక్కన చిన్న అక్షరాలతో రాశారు: "తీసెయ్యండి. ఆమెను గుర్తుపడతారు." నేను పుస్తకంలోంచి తీసేశాను. మాట తప్పలేదు.

పత్రికలో పెట్టాను.

ఎందుకంటే ఏం చెప్పను. వాక్యం బాగుంది. ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు, ఇంక గుర్తుపట్టేదేముంది అనుకున్నాను. మా నాయనకు అయిదెకరాల మిరప ఉండేది. చిన్నప్పుడు కళ్లంలో పరుగులు పెట్టినవాణ్ణి. అయినా మర్చిపోయాను. కళ్లంలో ఎవరి చోటు వాళ్ళది. ఒకావిడ ఒక ఏడు ఏ మూలన గోతం పరుచుకుని కూచుంటుందో ఏటా అక్కడే కూచుంటుంది. ఆమె రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుంది గానీ ఇంకొకరు కూచోరు. సినిమా హాల్లో సీటుకైనా తగాదా వస్తుంది, దీనికి రాదు. కరెంటు స్తంభం మూల అని రాయడమంటే ఇంటి నంబరుతో సహా రాయడమే.

పత్రిక ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీకి వెళ్ళింది. అక్కడి లైబ్రేరియన్‌ది ఆ ఊరే. ఆయన పాపం మంచివాడు. "మన ఊరి మీద పుస్తకం వచ్చింది, గర్వించదగ్గ విషయం" అని ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద రెండు దండం బొమ్మలు. కళ్లంలో కరెంటు స్తంభం ఉన్న ఊరు ఆ చుట్టుపక్కల అదొక్కటే.

మేడం ఫోన్ చేసినప్పుడు నేను టీ తాగుతున్నాను.

"ఆ రెండు వాక్యాలు పత్రికలోకి ఎట్లా వచ్చాయండీ?"

"మేడం, పుస్తకంలో తీసేశాను."

"నేను అడిగింది అది కాదు."

టీ గ్లాసు కింద పెట్టాను. ఆవిడ మెల్లగా, క్లాసులో చెప్పినట్టే చెప్పారు. నిన్న పొద్దున ఒకటో వర్గంవాళ్ళు ఆ తాలు ఏరే ఆమె మొగుణ్ణి పత్తి చేలో పట్టుకున్నారు. మీ ఆవిడ ఏం చూసిందిరా అని అడిగారు. కూరేం వండిందో కూడా నాతో చెప్పదయ్యా, ఇదేం చెప్పిద్ది అన్నాడట. పార కామ కర్రతో కుడి మోకాలి మీద కొట్టారు. తెలియదన్నాడు. మళ్ళీ అక్కడే కొట్టారు. అతనికి నిజంగానే తెలియదు కాబట్టి ఎన్నిసార్లు కొట్టినా అదే చెప్పాడు. మోకాలి చిప్ప మూడు ముక్కలు. ఆమెను ఇంట్లోంచి జుట్టు పట్టి లాక్కొచ్చి, గుప్పెడు కారం కళ్ళ దగ్గర పెట్టి అడిగారు. నిద్రపోయానయ్యా, నాకేం తెలవదు అంది. కారం కొట్టారు. అయినా అదే అంది.

"నమ్మారా?" అన్నాను.

"సగం. మిగతా సగం తేల్చుకోవడానికి మీ దగ్గరకే వస్తారు. రెండో ప్రూఫు ఏదీ?"

"బీరువాలో ఉంది."

"నా చేతి రాత ఉంది దాని మీద. ఆమెను గుర్తుపడతారని రాశాను. అంటే ఆమె ఉందని రాసినట్టేగా. అది వాళ్ళ చేతుల్లో పడితే ఆమెను చంపేస్తారండీ. తీసెయ్యండి. ఇప్పుడే."

మా సంస్థలో ప్రూఫులు రెండేళ్ళు దాస్తాం, పద్ధతిగా. ఏది ఎక్కడుందో మాత్రం తెలియదు. పొగాకు తేమ దొరికింది, శతక సాహిత్యం దొరికింది. బీరువా అడుగున మూడో అధ్యాయం కట్ట చేతికి తగిలేసరికి బయట కారు ఆగింది.

నలుగురు దిగారు. ముందు వచ్చినాయన తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. హత్య కేసులో మొదటి ముద్దాయికి తమ్ముడని తర్వాత తెలిసింది. తను రెండో ముద్దాయి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వచ్చాడు. వెనకవాళ్ళు విప్పలేదు.

"నమస్కారమండీ. మా ఊరి మీద పుస్తకం వేశారంట."

ఓనరు గారు కుర్చీలోంచి లేచారు. "ఏ ఊరండీ మీది?"

వెనకవాళ్ళలో ఒకడు బల్ల మీదున్న గట్టి అట్ట పుస్తకం ఎత్తి ఓనరు గారి మూతి మీద కొట్టాడు. అయిదొందల పేజీల ఆర్థికశాస్త్రం. రెండు పళ్ళు బల్ల మీద పడ్డాయి. మా ప్రచురణ ఒక మనిషి మీద అంత ప్రభావం చూపడం నేను చూడ్డం అదే మొదలు.

నేను కట్ట చంకలో పెట్టుకుని వెనక షెడ్డులోకి నడిచాను. పరిగెత్తితే అనుమానం వస్తుందని నడిచాను. లోపల గడియ పెట్టాను. ముందు గదిలో కంప్యూటర్ పగిలిన చప్పుడు, గాజు చప్పుడు, కొత్త పుస్తకం కట్టల మీద కొడవలి దిగుతున్న చప్పుడు. ఓనరు గారు పళ్ళు లేని నోటితో ఏదో చెబుతున్నారు. ఎవడో "కూచో ముసలోడా" అంటున్నాడు. తర్వాత ఓనరు గారి గొంతు వినపడలేదు.

కాల్చాలంటే అగ్గిపెట్టె లేదు. చింపాలంటే అరవై పేజీలు. ఎదురుగా కాగితాలు కోసే మిషన్ ఉంది. దాన్ని నడిపే మనిషి అన్నానికి వెళ్ళాడు. దాని మీద "పని తెలియనివారు ముట్టరాదు" అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డుకు ప్రూఫు దిద్దింది నేనే.

కట్టను కత్తి కింద పెట్టి బటన్ నొక్కాను. కత్తి దిగింది, ఒక పేలిక తెగింది. ముందుకు జరిపాను. మళ్ళీ దిగింది. ఎర్ర సిరా గీత ఉన్న పేజీ ఇంకా లోపలే ఉంది. తలుపు మీద కాలు పడింది, గడియ ఊగింది. నేను కట్టను ఎడమ చేత్తో లోపలికి తోస్తూ కుడి చేత్తో బటన్ నొక్కాను. మిషన్ తన పని తాను చేసింది.

నొప్పి తెలియలేదు. పేలికల మధ్య అంగుళం ముక్క ఒకటి ఉంది. గోరుతో సహా ఉంది కాబట్టి అది నాదేనని తెలుసుకున్నాను. నేను ఇంకోసారి బటన్ నొక్కాను, ఎందుకంటే పేజీ ఇంకా సగమే తెగింది. ఈ ఒక్క పని గురించి మాత్రం నాకు కొంచెం గర్వం ఉంది.

తలుపు ఊడింది. తెల్లచొక్కా ఆయన లోపలికి వచ్చి, నా చెయ్యి చూసి, వెనక్కి తిరిగాడు.

"ఎవడ్రా చేసింది?"

"మేం కాదన్నా. ఇప్పుడే గదా వచ్చింది."

"నేను చెప్పకుండా చెయ్యి వెయ్యొద్దన్నానా?"

"నీ తోడన్నా, మేం కాదు."

ఆయన మిషన్ దగ్గరకు వచ్చాడు. పేలికల్లోంచి ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. పేలిక నిండా ఎరుపే. అందులో సిరా ఏదో, నేనేదో ఆయనకు తెలియలేదు. నాకూ తెలియలేదు. దాన్ని కింద పడేసి, భుజం మీద తువ్వాలు తీసి నా చేతికి బిగించి కట్టాడు. అలవాటున్న చెయ్యి. నెత్తురు వెంటనే తగ్గింది.

"పదండి, ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

వాళ్ళ కార్లోనే వెళ్ళాను. దార్లో ఆయన పక్కనే కూచుని నా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు.

"ఆ ముక్క మీకెవరు చెప్పారండీ?"

"ఏ ముక్క?" అన్నాను. నా ధ్యాస ఇంకో ముక్క మీద ఉంది.

"స్తంభం మూలన ఆడమనిషి."

"ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను. పత్రిక ఎవరూ చదవట్లేదని ఓనరు గారు అంటేనూ."

"కరెంటు స్తంభం?"

"ఏ కళ్లంలో ఉండదండీ స్తంభం?"

"మా పక్కూళ్ళో లేదు." నా చేతి కట్టు ముడి సరిచేశాడు. "గోనెపట్టా?"

"ఎండ కదండీ. మాదీ మిరప ఊరే."

"రెండూ వెచ్చగానే ఉన్నాయని రాశారే."

"అది బాగా కుదిరిందనిపించింది."

"బాగా కుదిరింది" అన్నాడు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "నేను అక్కడే ఉన్నాను గదా. నాకు తట్టలా."

డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు. నేను తువ్వాలు చూసుకున్నాను.

"అట్లాగైతే కల్పించామని రాయండి. వచ్చే నెల. పేరు పెట్టి, మీరూ, ఆ మేడం గారూ. రాస్తే అది కథే అనుకుంటాం."

"రాయకపోతే?"

"రాస్తారు లెండి" అని నా చెయ్యి ఇంకొంచెం పైకెత్తాడు.

ఆస్పత్రిలో డాక్టరు ముక్క తెచ్చారా అని అడిగాడు. తేలేదు. పోలీసు రిపోర్టు కావాలా అన్నాడు. అక్కర్లేదన్నాను. మిషన్‌లో చెయ్యి పెట్టింది నేనే, అది అక్షరాలా నిజం. ఓనరు గారు మెట్ల మీంచి పడ్డారు. మా ఆఫీసుకు మెట్లు లేవు గానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు.

మేడంకు కాగితం పట్టుకెళ్ళాను. నాలుగు వరుసలు. గత సంచికలో ప్రచురించిన ప్రత్యక్ష సాక్షి వర్ణన పూర్తిగా కల్పితం, అటువంటి వ్యక్తి ఎవరూ లేరు, అది పరిశోధనలో భాగం కాదు. ఆవిడ నా కట్టు చూశారు, కాగితం చూశారు.

"పరిశోధనలో కల్పన ఉందని నేను సంతకం పెడితే యూనివర్సిటీ వాళ్ళు నన్నేం చేస్తారో తెలుసా?"

"తెలుసు మేడం."

"నాలుగేళ్ళు తిరిగానండీ ఆ ఊరు."

ఆవిడ మళ్ళీ ఒకసారి చదివి, "అటువంటి వ్యక్తి ఎవరూ లేరు" దగ్గర ఆగారు. చివర్న సంతకం పెట్టారు. పెన్ను ఎర్రదే. ఆ తర్వాత విచారణ కమిటీ వేశారు, పుస్తకం వెనక్కి తీసుకున్నాం, ఆవిడ ప్రమోషన్ ఆగిపోయింది. హైకోర్టులో కేసు కూడా అంతే. చూసినవాళ్ళు లేరు. లేరని మేమే అచ్చు వేశాం.

ఆమెను ఒక్కసారే చూశాను. గుంటూరు పెద్దాసుపత్రిలో, ఎముకల ఓపీ వరండాలో. మొగుడు స్ట్రెచర్ మీద ఉన్నాడు, కాలుకు పిండికట్టు. నేను నా వేలు డ్రెస్సింగుకు వెళ్ళాను. మేడం ముందే చెప్పబట్టి గుర్తుపట్టాను. ఆమె ఎడమ కన్ను ఇంకా ఎర్రగా, సగం మూసుకుపోయి ఉంది. పక్కన కూచుని, ఎటో చూస్తూ, నేనెవరో చెప్పాను.

"నువ్వేనా" అంది. నా చెయ్యి చూసింది. "వాళ్ళేనా నరికింది?"

"నేనే నరుక్కున్నానమ్మా."

"ఎందుకు?"

కారణం చెప్పాను. ఆమె మొగుడి వైపు చూసింది. స్ట్రెచర్ మీద మొగుడు నిద్రపోతున్నాడు.

"అంతా అబద్ధమని రాశారంట?"

"రాశామమ్మా."

"మరి నేను చూసిందేందయ్యా?"

నేను నోరు తెరిచాను. జోకు ఒకటి వచ్చింది, మింగేశాను. ఆమె కొంగుతో కన్ను ఒత్తుకుంది. అది ఏడుపు కాదు, ఆనాటి కారం.

"ఆరేళ్ళల్లో ఇంకెవురికీ చెప్పలా. ఆ మేడం ఒక్కతే కూచుని విన్నది. చెప్పినాక పది రోజులు బాగా నిద్రపట్టింది నాకు" అంది. తర్వాత మామూలుగా, "సర్లే. బతికున్నాంగా" అంది.

"ఇప్పుడెక్కడ కూచుంటున్నావమ్మా, కళ్లంలో?"

"అదే మూలన."

"మారొచ్చుగా?"

నన్ను చూసింది. ఎం.ఏ. చదివినవాణ్ణి చూసినట్టు చూసింది. "మారితే నేనేనని తెలిసిపోద్ది గదా."

నర్సు నా పేరు పిలిచింది. లేచి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వాళ్ళు లేరు.

ఇప్పుడు మా పత్రికకు ఒక పాఠకుడున్నాడు. తెల్లచొక్కా ఆయన తన అడ్రసు పంపాడు, ప్రతి నెలా పోస్టులో వెళ్తుంది. అందగానే ఫోన్ చేస్తాడు. రొయ్యల చెరువుల మీద పుస్తకం బాగుందా అంటాడు, మార్టూరు గ్రానైట్ రాయి పాలిష్ మీద వచ్చింది తనకు పంపమంటాడు. మొదటి పేజీ నుంచి చివరి శాలువా దాకా చదువుతాడు. ఇన్నేళ్ళు కోరుకున్న పాఠకుడు అట్లాంటివాడే. పోయిన నెల కూడా చేశాడు. మిరప తెగుళ్ళ మీద పుస్తకం గురించి అడిగాడు. తెగుళ్ళ గురించి మాట్లాడుకున్నాం. పెట్టెయ్యబోతుండగా అన్నాడు.

"ఆవిడ బాగానే ఉందండీ. అదే మూలన కూచుని ఏరుకుంటంది. రోజూ చూస్తానే ఉన్నా."

నేను ఆవిడ గురించి అడగలేదు. ఎప్పుడూ అడగలేదు. ఫోను ఎడమ చేతిలో ఉంది, లేని వేలి చివర జిల్లుమంది.

"ఎవరండీ?" అన్నాను.

కళ్లంలోనే ఉన్నట్టున్నాడు, ఆడవాళ్ళ మాటలు, కాయలు గోతాల్లోకి తొక్కుతున్న చప్పుడు వినపడుతున్నాయి.

"ఎవరూ లేరులెండి" అని పెట్టేశాడు.